డేవిడ్‌రాజ్ రక్తం

చరోదా రైల్వే యార్డు పక్క వీధి, 1997 మార్చి, మధ్యాహ్నం. భాగ్యరేఖ ఇంటి గుమ్మంలో లూసీ నిలబడి ఉంది.

"కూర్చోండక్కా. ఎంతసేపని అలా గుమ్మంలో నిలబడతారు?"

"అక్కా అనకు. నీకు నేను అక్కని కాను."

"మరేటనాలి? దీదీ అననా?"

"ఏటీ అనొద్దు. లూసీ అను. కొర్నేలి పెళ్ళాం లూసీ."

"పెద్దవారు. పేరు పెట్టి ఎలా పిలుస్తానండి. కూర్చోండి, మంచినీళ్ళిస్తాను."

"ఏ గ్లాసులో?"

"ఏటి?"

"ఆయన తాగే గ్లాసయితే వొద్దు."

"వేరేదేనండి. ఇదిగో."

"అక్కడ పెట్టు. ఆ చెప్పులు ఆయనవే కదూ?"

"ఆఁ. ఆ రోజు బూట్లేసుకుని వెళ్ళేరు."

"సివిక్ సెంటర్లో నేను కొన్నాను అవి. కిందటి క్రిస్మస్‌కి. తెగిపోయేయి, పారేసేను అన్నాడు."

"పారెయ్యలేదండి. ఇక్కడ వేసుకునేవారు."

"కనబడతానే ఉన్నాది."

"పోలీసులేటన్నారు చెప్పండి ముందు. పదకొండు రోజులయింది. పేపర్లో చూసి దుర్గు మార్చురీకి పరిగెత్తేను. గేటు దగ్గరే ఆపేసేరు. తుమ్ కౌన్ హో అన్నాడు. ఆయనకి ఏటవుతానని చెప్పను?"

"చెప్పకపోయేవా. తొమ్మిదేళ్ళనించి ఈ వీధికి చెప్తున్నావు కదా."

"ఉక్కు ప్లాంటు కాగితాల్లో ఉన్న పేరయితేనే లోపలికి పిలుస్తారంట. అందులో మీ పేరే ఉన్నాది."

"ఆ కాగితాల్లోనే ఉన్నాది. ఇంకెక్కడా లేదు."

"మీరు చూసేరా ఆయన్ని?"

"చూడ్డానికి ఏటుంది? రాజహరా రోడ్డుమీద ఆయనెక్కిన ట్రెక్కరు జీపు వెళ్ళి డీజిలు ట్యాంకర్ని గుద్దితే ఏటి మిగుల్తాది? ఏడుగురు పోయేరు. ముగ్గుర్ని గుర్తుపట్టేరు. నలుగురు బొగ్గులు. చాపమీద వరసగా పడుకోబెట్టి, ఇందులో మీవాడెవడమ్మా అన్నాడు ఇనస్పెక్టరు. ఇరవై మూడేళ్ళు కాపరం చేసేను. పోల్చలేకపోయేను."

"అయ్యో, ఆయన..."

"ఏడవకు."

"ఎలాగండీ..."

"నా ముందు ఏడవకు. నేనే ఏడవలేదు. నువ్వెవర్తివి ఏడవడానికి?"

"సరే. ఏడవను. చెప్పండి."

"ఆదివారం ఆదివారం చర్చికి నాతో వొచ్చేవాడు. మధ్యాహ్నం తినేవాడు. కూరలో ఉప్పు చాలిందా అంటే చాలింది అనేవాడు. సాయంత్రం ఐదయ్యేసరికి సైకిలు తీసేవాడు. ఆ తలుపు చప్పుడు ఎలా ఉంటాదో నీకు తెలీదు. నీ ఇంటికి వొచ్చే చప్పుడే నీకు తెలుసు."

"నేనెప్పుడూ ఆదివారం రమ్మనలేదండి."

"మిగతా ఆరు రోజులూ చాల్లే అనుకున్నావు."

"గొడవకే వొచ్చేరా? అయితే తిట్టండి. పడతాను."

"గొడవక్కాదు. అడగడానికి వొచ్చేను. నా నోటితో నిన్ను అడగాల్సొచ్చింది, చూడు."

"ఏటి కావాలి?"

"డీఎన్ఏ అని పరీక్ష ఉన్నాదట. ఇనస్పెక్టరు చెప్పేడు. ఎముక ముక్క తీసి హైదరాబాదు లేబుకి పంపుతారట. పైన తోలూ కండా కాలిపోయినా ఎముక లోపల మనిషి ఆనవాలు మిగిలుంటాదట. అమ్మ దగ్గర్నించి సగం, అబ్బ దగ్గర్నించి సగం వొస్తాదట ఆ ఆనవాలు. ఒకడిది ఇంకొకడికి ఉండదట."

"ఎముక చూస్తే ఎవరిదో పేరు రాసుంటాదా?"

"పేరుండదు. గీతలుంటాయట. ఫిల్ముమీద నిచ్చెన మెట్లలాగ వరసగా పడతాయి. ఉత్తి ఎముక గీతలతో ఏటీ తెలవదు. పక్కన పెట్టి చూడ్డానికి అయినవాళ్ళ రక్తం కావాలి. తల్లిది, తండ్రిది. అదీ లేకపోతే పిల్లలది."

"మీరివ్వకూడదా?"

"నాదెందుకు పనికొస్తాది? నేనూ అదే అడిగేను. పెళ్ళాం రక్తం కలవదమ్మా, మీరు బయటి మనిషి అన్నాడు. ఎంత మెల్లగా చెప్పేడో ఆ మాట. ఇరవై మూడేళ్ళు పక్కన పడుకున్నాను. బయటి మనిషిని."

"ఆయన తరఫువాళ్ళు..."

"ఎవరున్నారు? మిషన్ బోర్డింగు అరుగుమీద గుడ్డలో చుట్టి వొదిలేసిన పిల్లడు. ఆ పేరు కూడా ఫాదరు పెట్టిందే. తల్లిని ఎక్కడని తెస్తాను?"

"అవును. నాకూ చెప్పేరు."

"నీకూ చెప్పేడా?"

"ఎప్పుడో ఓసారి."

"నాకు పెళ్ళయిన ఆరేళ్ళకి చెప్పేడు. నీకు ఎన్నాళ్ళకి చెప్పేడు?"

"గుర్తులేదండి."

"గుర్తుంది నీకు. సరే. పిల్లలున్నారా అమ్మా అన్నాడు ఇనస్పెక్టరు. లేరన్నాను. పక్కనున్న కానిస్టేబు నవ్వేడు. చరోదామే హై నా సర్, అక్కడున్నాడు కదా కొడుకు, అన్నాడు. నా ముందే. దుర్గు పోలీసులక్కూడా తెలుసు నా సంగతి."

"అయితే నేనేటి చెయ్యాలండి?"

"నీ కొడుకు రక్తం కావాలి."

"వాడు బళ్ళో ఉన్నాడు."

"ఉండనీ. రేపు తీసుకురా."

"రేపు లెక్కల పరీక్ష."

"ఎల్లుండి."

"ఎల్లుండి హిందీ. పరీక్షలన్నీ అవ్వనీండి, అప్పుడు..."

"శవం ఆగుతాదా పరీక్షలయ్యేదాకా?"

"వాడికి సూదంటే భయమండి. కిందటేడు టెటనస్ ఇంజక్షనుకే మంచంకింద దూరేడు. వాళ్ళ నాన్నే వొచ్చి బయటికి లాగేరు."

"వాళ్ళ నాన్న. ఆ వాళ్ళ నాన్న కోసమే. ఒక్క చిన్న సీసాడు రక్తం. నీది కూడా తీస్తారు."

"నాదెందుకు?"

"వాడిలో సగం నువ్వు కదా. నీ గీతలేవో చూసి కొట్టేస్తారు. మిగిలినవి తండ్రివి. ఆ మిగిలినవి తీసికెళ్ళి నాలుగు ఎముకల పక్కనా పెడతారు. ఏ ఎముకతో కలిస్తే అది కొర్నేలి. నీ వాటా తీసేసి ఆయన వాటా పైకి తీసే మిషనుందన్నమాట లోకంలో. ముందే వొచ్చుంటే బాగుణ్ణు."

"భాగ్యం! ఏటే, ఇంట్లోనే ఉండిపోయేవు? కుళాయి ఇవాళ మూడున్నరకే వొదుల్తారట. నీ బిందె వరసలో పెట్టేనా?"

"పెట్టు కన్నమ్మ పిన్నీ. వొస్తాను."

"చుట్టాలొచ్చేరేటి? ఎవరీవిడ?"

"ఆయన... ఆయన తరఫువాళ్ళు."

"ఓహో! ఆడపడుచా? నేను పక్కింటి కన్నమ్మనమ్మా. మా తమ్ముడు లోకోషెడ్డులో. మీ అన్నగారి జాడేటైనా తెలిసిందా? దేవుడులాంటి మనిషి. భాగ్యానికి జొరమొస్తే అన్నం కూడా ఆయనే వొండేవాడు. మగాడు వొండడం ఈ వీధిలో ఇంకెక్కడా చూళ్ళేదు."

"వొండేవాడా?"

"పప్పు, చారు, అన్నీ. పిల్లాడికి కలిపి పెట్టేవాడు. మీ మేనల్లుడు అచ్చం తండ్రేనమ్మా. చూసేరా? రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పెద్దమనిషిలాగ నడుస్తాడు, ఆయన నడిచినట్టే. వీధంతా నవ్వుతాం. రక్తం ఎక్కడికి పోతాది?"

"పిన్నీ, బిందె."

"వెళ్తన్నానే. ఆడపడుచుకి టీ అయినా పెట్టు, నిలబెట్టి మాట్లాడతావేటి."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. ఏటనుకోకండి, నోరాగదు."

"నా దగ్గర ఒక్కనాడు స్టవ్ వెలిగించలేదు. అరవై నాలుగు కుట్లేసేరు నా పొట్టకి గడ్డ తీసినప్పుడు. హోటల్నించి ఇడ్లీ తెచ్చి బల్లమీద పెట్టి షిఫ్టుకి పోయేడు."

"నాకు తెలీదండి ఆ సంగతి."

"నీకెందుకు తెలుస్తాది? మేనల్లుడట. చేతులు వెనక్కి కట్టుకుంటాడా?"

"ఆయన వెనకాల నడిచి నడిచి అలవాటయింది."

"వాడికి ఆ పేరెవరు పెట్టేరు?"

"ఆయనే."

"నువ్వు బొట్టు పెట్టుకుంటావు. శుక్రవారం దీపం పెడతావు. కొడుక్కి డేవిడ్‌రాజ్ అంటే ఊరుకున్నావా?"

"ఆయన ముచ్చటపడ్డారు. ఊరుకున్నాను."

"ఆ పేరు నాది. ఎనభైలో రాసుకున్నాను, బైబిలు వెనక అట్టమీద. మగపిల్లాడయితే డేవిడ్‌రాజ్, ఆడపిల్లయితే వెరోనికా. ఆయన చదివేడు. చదివి నవ్వేడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఎత్తుకొచ్చి నీ పిల్లాడికి పెట్టేడు."

"అయ్యో. నిజంగా తెలీదండి."

"ఒక పేరు కూడా మిగల్చలేదు మీరిద్దరూ. ఇప్పుడు రక్తం అడిగితే పరీక్షలంటున్నావు."

"మా తమ్ముడు రాజేంద్ర బిలాస్‌పూర్‌లో ఉన్నాడు. వాణ్ణొకమాట అడిగి..."

"పిల్లాడు మీ తమ్ముడి కొడుకా?"

"అది కాదు. పోలీసులంటే..."

"పోలీసులు పట్టుకుపోరు. డాక్టరు తీస్తాడు. నేను పక్కనుంటాను. పోనీ, నీకేటి కావాలో చెప్పు. బేరమాడు."

"బేరమేటండి!"

"వాడు ఆయన కొడుకేనని నేను సంతకం పెడతాను. పెళ్ళాన్ని నేనే పెడితే ఎవడు కాదంటాడు? పద్దెనిమిది నిండేక ఆయన పేరుమీద ప్లాంటులో ఉద్యోగం అడుగు, అడ్డురాను. క్వార్టరు ఖాళీ చేసి మా చెల్లెలింటికి పోతాను. చాలా?"

"నాకేటీ వొద్దండి. ఉద్యోగం వొద్దు. సంతకమొద్దు."

"ఎందుకొద్దు? కొడుక్కి తండ్రి పేరు కాగితంమీద వొస్తాదంటే వొద్దనే తల్లి ఉంటాదా?"

"యార్డులో షంటింగు చప్పుడు... ఏటన్నారు, వినబళ్ళేదు."

"వినబడింది నీకు. ఎందుకొద్దు?"

"వాడి రక్తం తియ్యనివ్వను."

"శనివారం దాకానే టైము. శనివారం ఎవరూ పోల్చుకోకపోతే నలుగుర్నీ లావారిస్ అని, దిక్కులేని శవాల కింద రాసేసి మునిసిపాలిటీ బండిలో తీసికెళ్ళి ఒకే గుట్టమీద తగలెడతారు. కొర్నేలిని. బాప్టిస్మం పొందిన మనిషిని. పుట్టినప్పుడు అరుగుమీద పారేసేరు. పోయినప్పుడు కూడా ఎవడోలా పారేస్తారు. అది నీ చేతుల్లో ఉన్నాది. తొమ్మిదేళ్ళు అన్నం పెట్టేడు నీకు."

"నన్ను అలా చంపకండి."

"నిన్నేటి చేసేను? రెండు చెంచాల రక్తం అడిగేను."

"ఇంకో దారి లేదా?"

"లేదు."

"నిజంగా లేదా? ఆ హైదరాబాదోళ్ళు ఇంకోలా చూడలేరా?"

"లేదని చెప్పేను కదా. పిల్లాడి రక్తం ఒక్కటే."

"వాడి రక్తమిస్తే ఆయన దొరకరు."

"ఏటి?"

"మీరే చెప్పేరు కదా. నాది తీసేసి మిగిలింది ఎముకల పక్కన పెడతారని. పెడతారు. నాలుగింటితోనూ కలవదు. ఈ నలుగుర్లో ఆ పిల్లాడి తండ్రి లేడు అని రాస్తారు. ఆయన అక్కడే పడుకుని ఉన్నా లేడనే రాస్తారు. అప్పుడు నిజంగానే లావారిస్ అయిపోతారు. అందుకే ఇవ్వనంటన్నాను. వాడి కోసం కాదు. ఆయన కోసం."

"తిన్నగా చెప్పు."

"చెప్పేను కదా."

"చెప్పలేదు. తిన్నగా చెప్పు."

"డేవిడ్ ఆయనకి పుట్టలేదు."

"మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పిస్తారు?"

"తొమ్మిదేళ్ళు విన్నాను నేను, కొర్నేలికి చరోదాలో కొడుకున్నాడని. చర్చిలో, రేషను షాపులో, మిల్లు గేటు దగ్గర. దానికి సరిపడా చెప్పు."

"ఆయనకి పుట్టలేదు. ఆయన కొడుకు కాడు. చాలా?"

"ఎవడికి పుట్టేడు?"

"ఉండేవాడొకడు. గూడ్సు గార్డు. పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఖరగ్‌పూర్ బదిలీ చేయించుకుని పోయేడు. ఉత్తరం రాస్తే చిరునామా లేదని తిరిగొచ్చింది."

"పిల్లాడికి తెలుసా?"

"తెలీదు. తెలియనివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను ఏటన్నా అనండి, వీధిలో నిలబెట్టి అనండి. వాడికి మాత్రం..."

"వొదులు. కాళ్ళు వొదులు."

"పదకొండు రోజుల్నించి గుమ్మంలో కూర్చుంటన్నాడు, నాన్న సైకిలు వినబడతాదేమోనని. ఇప్పుడు ఆయన నాన్న కాదని ఎవరైనా అంటే..."

"లే అన్నాను. లేచి కూర్చో. నీళ్ళు తాగు."

"ఇప్పుడెలా అక్కా? ఆయన్నెలా తెస్తారు? ఇంకేదో ఒకటి చూడమనండి ఇనస్పెక్టర్ని. నేనొచ్చి చెప్తాను, నా పరువు పోతే పోనీండి, ఈ రక్తంమీద ఆధారపడొద్దని నేనే చెప్తాను..."

"ఆయన దొరికేడు."

"ఏటి?"

"సోమవారమే దొరికేడు. ఆ వరసలో మూడోవాడు. వొంటికింద ఇనప తాళంచెవి ఉండిపోయింది, నెంబరు కొట్టి ఉంది. ప్లాంటు రైల్ మిల్లులో ఆయన లాకరుది. ఇనస్పెక్టరు నన్ను మిల్లుకి తీసికెళ్ళి తిప్పి చూపించేడు. తెరుచుకుంది. నిన్న సంతకం పెట్టేను. రేపు పదింటికి ఇస్తారు. పాస్టరుగారికి చెప్పేను. గొయ్యి కూడా తవ్వేసేరు."

"మరి రక్తం..."

"ఎవరికీ అక్కర్లేదు. హైదరాబాదుకి ఏటీ పంపలేదు."

"అయితే ఎందుకొచ్చేరు? ఇంతసేపూ నన్నెందుకు..."

"లాకరు తలుపు లోపల ఫోటో అంటించి ఉంది. నీ కొడుకుది. యూనిఫారంలో, తల నున్నగా దువ్వి. మూలలు ఊడిపోతే మళ్ళీ టేపేసేడు. రోజూ షిఫ్టుకి ముందొకసారి, తర్వాతొకసారి చూసుకున్నాడన్నమాట. నా ఫోటో కోసం వెతికేను. టిఫిను డబ్బా కింద కూడా వెతికేను. లేదు. తాళంచెవి దొరక్కముందు రక్తం సంగతి చెప్పేడు కదా ఇనస్పెక్టరు. కొడుకో కాదో కూడా తేలిపోతాదమ్మా దాంతో అన్నాడు. ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు. ఆ ఫోటో చూసేక కూర్చోనివ్వలేదు. అడిగి చూద్దామనుకున్నాను. తీసుకోండక్కా అని చెయ్యి జాపేవనుకో, నిజంగా ఆయన కొడుకేననుకుని ఇంటికి పోయేదాన్ని. నువ్వు లెక్కల పరీక్షన్నావు."

"మనిషేనా మీరు?"

"కాను. గొడ్రాల్ని. ఆ పేరు పెట్టేరు నాకు. డాక్టరమ్మ చూసి నీలో ఏ లోపం లేదు, మీ ఆయన్ని తీసుకురా అంది. రమ్మంటే రాలేదు ఆయన. నువ్వు కన్నావు. ఇంకేటి, లోపం నాదే అయిపోయింది. బాప్టిస్మాల రోజు పిల్లల్ని నా చేతికివ్వడం మానేసేరు ఆడాళ్ళు. నీ కడుపు నామీద సాక్ష్యం చెప్పింది, తొమ్మిదేళ్ళు. అది దొంగ సాక్ష్యం."

"ఇప్పుడు ఆయన లేరు. ఎవరితో చెప్తారు?"

"ఎవరితోనూ చెప్పను. నీ కొడుకుతోనూ చెప్పను. నాకు తెలిస్తే చాలు. నన్ను కాదని పోలేదు, కొడుకు కోసం పోయేడు, అంతే అనుకుని బతికేను. ఇప్పుడు ఆ కొడుకు కూడా లేడు. నీ మోసం ఒక్కటే ఉంది."

"మోసం చెయ్యలేదండి."

"ఇంకా బుకాయిస్తావేటి? మిషన్‌లో ఓ పిల్లాణ్ణి తెచ్చుకుందామని బతిమాలేను నేను. ఎవడి రక్తమో నా ఇంట్లో తిరగడానికి వీల్లేదన్నాడు. అలాంటివాడి చేతిలో గార్డుగాడి బిడ్డని పెట్టి, నీ కొడుకేనన్నావు. తెలిసుంటే ఒక్క పూట నిలిచేవాడా ఈ కొంపలో?"

"వెళ్ళిపొండక్కా."

"వెళ్తాను. జవాబు చెప్పు."

"వొద్దు. గెలిచేరు కదా. రేపు ఆయన్ని తెచ్చుకోండి, మట్టి వెయ్యండి, నేను ఆ చుట్టుపక్కలకి రాను. నాచేత మాత్రం చెప్పించకండి."

"ఇంకేటి మిగిలింది నీ దగ్గర చెప్పడానికి?"

"ఆయన మొదటిసారి ఈ గుమ్మం తొక్కేసరికి నాకు ఏడో నెల."